చెప్పిన రోజుకే జాకెట్టు

ప్రశ్న: తెనాలిలో ఏడాదిగా టైలరింగ్ షాపు నడుపుతున్నాను. నెలకు 40 వేలు మిగలాలని ప్రతిసారీ అనుకుంటాను. ఒక్క నెల కూడా కుదరలేదు. నిరుత్సాహంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కోరికలో తప్పు లేదు. కానీ ఆ 40 వేలు మీ చేతిలో లేవు. పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్లు గుట్టలుగా వస్తాయి, మూఢం వస్తే మిషను ఖాళీ. గురువారం ఇస్తానన్న జాకెట్టు గురువారమే ఇవ్వడం మాత్రం మీ చేతిలోదే. కుట్టంతా అయి, హుక్సు, హెమ్మింగు మిగిలిపోయి ‘రేపు రండి’ అనడం దగ్గరే కస్టమరు చేజారిపోతుంది. ఇచ్చిన తేదీకి ముందురోజు సాయంత్రానికే ఇస్త్రీతో సహా అయిపోవాలి. ఈ నెలకు లక్ష్యం అదొక్కటే. రోజుకు ఆరు కుట్టగలిగితే ఏడోదానికి ఆ తేదీ ఒప్పుకోకండి. వచ్చిన బేరానికి అలా చెప్పడం కష్టమే, అయినా తప్పదు.

కొత్త అలవాటును పాతదానికి ముడిపెట్టండి. ఉదయం దీపం పెట్టగానే ఆర్డర్ల పుస్తకం తెరవండి. షట్టరు దించేముందు లైనింగు గుడ్డ, దారం ఖర్చులు రాయండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2009లో వెలువరించిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదనీ తేలింది. కాబట్టి తప్పిందని మానేయకండి.

మూడు నెలలయ్యాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని మళ్లీ రాయండి. 40 వేల లెక్క అప్పుడు చూద్దాం.