పొట్టేలు కాగితం మీద ‘బీ ప్లస్’

ఆషాఢం వచ్చేసింది. డెల్టాలో సార్వా నారుమళ్లు పడుతున్నాయి. వేసవంతా దాళ్వా కోసిన చేలల్లో కట్టిన మందలు కోరుకొండ, రాజానగరం, గోకవరం మెట్టల దారి పట్టాయి. తొలకరి పచ్చిక తిన్న గొర్రె ఎదకొస్తుంది. ఇప్పుడు పొట్టేలు దాటితే ఐదు నెలలకు, అంటే మార్గశిరం నాటికి ఈనుతుంది. విత్తనపు పొట్టేలును ఎంచుకోవడానికి ఇదే అదను.

మొన్న ఒక కాపరి ఫోనులో ఒక కాగితం ఫొటో చూపించాడు. “ఈ పొట్టేలుకి జీన్ పరీక్ష చేయించారంటండి, బీ ప్లస్ అంట. రేటు రెట్టింపు చెబుతున్నాడు. మా బావమరిదిది కూడా బీ పాజిటివ్వేనండి, ఆడికెవరూ రూపాయి ఎక్కువివ్వలేదు” అన్నాడు. నవ్వొచ్చినా అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

అది రక్తం గ్రూపు కాదు. కవలల జన్యువు పరీక్ష. దాని పేరు ఫెక్‌బి. ఇది బెంగాల్ సుందరవనాల గారోల్ గొర్రెలో ఉంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి గడ్డి మేసే చిన్న జీవి అది. మనలాగే డెల్టా బిడ్డ. 18వ శతాబ్దం చివర బెంగాల్ గొర్రెలు ఓడల్లో ఆస్ట్రేలియా చేరాయి. అక్కడ బూరూలా మెరినో గొర్రెల్లో కనిపించిన కవలల లక్షణం వాటి నుంచి వచ్చిందేనంటారు. జన్యువులోని అసలు మార్పేమిటో 2001లో తేల్చారు. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ వారు ఈ జన్యువును దక్కనీ గొర్రెలోకి తెచ్చి, ‘నారి సువర్ణ’ అనే రకం తయారుచేశారు. మన నెల్లూరు గొర్రె సాధారణంగా ఈతకు ఒక్క పిల్లనే ఇస్తుంది కాబట్టి ఇటువైపూ ఆశ పుట్టింది.

ఇక ఆ అక్షరాల సంగతి. ప్రతి జీవికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు వస్తాయి. బీ అంటే కవలల ప్రతి. ప్లస్ అంటే లాభమని కాదు, మామూలు ప్రతి అని. రెండూ బీ ప్రతులే ఉన్న బీబీ పొట్టేలును మామూలు గొర్రెల మీద వదిలితే పుట్టిన పిల్లలన్నీ బీ ప్లస్సే. బీ ప్లస్ పొట్టేలును వదిలితే సగం పిల్లలకే బీ వస్తుంది. ముప్పై గొర్రెలకు ముప్పై పిల్లలనుకుంటే పెంటి పిల్లలు పదిహేను, అందులో జన్యువున్నవి ఏడో ఎనిమిదో. అవి పెరిగి ఈనడానికి దాదాపు రెండేళ్లు. అంటే ఈ ఆషాఢంలో పెట్టిన డబ్బుకు ఫలితం కళ్లబడేది రెండున్నరేళ్ల తర్వాతే. పొట్టేలు వచ్చిందని ఈ ఈతలోనే కవలలు పుట్టవు. పొట్టేలు ఇచ్చిన జన్యువు పనితనం కనిపించేది కూతుళ్ల ఈతలోనే.

ప్లస్ ప్లస్ అని వస్తే గొర్రె గొడ్డుదని కాదు, కంగారుపడి కోతకు తోలేయకండి. ఆ ఒక్క జన్యువు లేదని మాత్రమే అర్థం. ఎదుగుదల, పాలు, రోగాలను తట్టుకునే శక్తి ఈ పరీక్షలో రావు. గారోల్ రక్తం ఎంత కలిసిందో కూడా రాదు. అది అడగాలి, ఎందుకంటే గారోల్ పొట్టిది. మనం అమ్మేది తూకానికి.

నా మాట సూటిగా చెబుతాను. రోజూ మైళ్లు నడిచే మందకు ఈ జన్యువు వద్దు. నడవలేని జంట పిల్లలను భుజాన వేసుకుని కాపరి ఎంత దూరం పోతాడు? దొడ్డి, పచ్చిమేత, దాణా, ఈనగానే రెండు పిల్లలకూ జున్నుపాలు తాగించే మనిషి ఇంట్లో ఉంటేనే దిగండి. కూతుళ్ల మీదికి మళ్లీ జన్యువున్న పొట్టేలును తేవద్దు, తండ్రినైతే అసలే వద్దు. తెస్తే బీబీ గొర్రెలు తయారవుతాయి. మూడేసి పిల్లలు పుడితే పాలు చాలక చచ్చిపోవచ్చు.

పొట్టేలును వదిలే ముందు రెండు మూడు వారాలు గొర్రెకు రోజుకు పావు కిలో దాణా పెడితే ఎద బాగా వస్తుంది. చిటుకు రోగం టీకా వేయించకపోతే ఈ వారమే వేయించండి. కాలువ గట్ల మీద నత్తలున్నచోట మేసిన మందకు కార్జపు జలగ మందు పట్టించాలి. ఇరవై అయిదు, ముప్పై గొర్రెలకు ఒక పొట్టేలు చాలు.

ఇంకొక్క మాట. పరీక్షకు రక్తం తీసేటప్పుడు సీసాల మీద నంబర్లు తారుమారైతే మంచి ల్యాబు కూడా తప్పు ఫలితమే ఇస్తుంది. ఒకసారి నేనే మోసపోయాను. కాగితంలో పొట్టేలు, దొడ్డిలో ఉన్నది పెంటి! అందుకే కాగితం మీది నంబరు, చెవిపోగు మీది నంబరు మీరే పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండూ కలవకపోతే బయానా ఇవ్వకండి.