ప్రోగ్రెసు రిపోర్టులో వ్రాయు మాట

పరీక్షలు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయులమైన మేము ప్రతి విద్యార్థినిగూర్చియు రెండు మూడు మాటలు వ్రాయవలసియుండును. మార్కులు వేయుటకంటె నిది కష్టతరము. ఉన్నదున్నట్లు వ్రాసినచో బాలుని మనస్సు నొచ్చును. నొవ్వకుండ వ్రాసినచో తలిదండ్రులకు నిజము తెలియకపోవును. ఇందు సరియైన త్రోవ యేదియో విచారింతము.

ఇంగ్లండులోని ఈటన్ పాఠశాలలో 1949వ సంవత్సరమున జాన్ గర్డన్ అను విద్యార్థి జీవశాస్త్రమున 250 మందిలో కడపటివాడుగ నుండెను. ఇతడు శాస్త్రజ్ఞుడు కాగోరుట నవ్వులాటయనియు, అట్టి ప్రయత్నము కాలహరణమనియు ఉపాధ్యాయుడు రిపోర్టులో వ్రాసెను. ఆ గర్డనే పిదప కప్పల కణములను పరిశోధించి, 2012లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానమును మరియొకరితో కలిసి యందుకొనెను. ఆ రిపోర్టును పటము కట్టించి తన పనిబల్లకడ నుంచుకొనెను.

ఇందు మార్కులు అబద్ధములు కావు; వానిని దాచవలసినదని మేము చెప్పము. కడపటివారందరును నోబెల్ బహుమానము నందుదురని భ్రమపడనురాదు. తాను చూచినదానిని విడిచి, కానున్నదానినిగూర్చి తీర్పు చెప్పుటయే ఆ గురువు చేసిన పొరపాటు. చూచినది వ్రాసిన సాక్ష్యము. చూడనిది వ్రాసిన జోస్యము.

ఇట్టి పొరపాటు మేమును చేసితిమి. ఒక యేట మాలో నొకరు ఒక బాలుని రిపోర్టులో "సోమరి" యని వ్రాసిరి. వాని తండ్రికి చదువు రాదు. ఆ మాటను బాలుడే తండ్రికి చదివి వినిపించి, వ్రేలిముద్ర వేయించి తెచ్చెను. తరువాత విచారింపగా, వాడు తెల్లవారుజామున మూడు గంటలకే లేచి తండ్రితో కూరగాయల బండి వెంట పోవుచుండెనని తెలిసెను. "మొదటి గంటలో నిద్రించుచున్నాడు, కారణము తెలుపగోరెదము" అని వ్రాసియుండినచో నిజమునకు లోపమును లేదు, బాలునికి అవమానమును లేదు.

కావున మేము మూడు నియమములు పెట్టుకొంటిమి. మొదటిది, చూచినదానినే స్పష్టముగ వ్రాయుట. "లెక్కలు రావు" అనుటకంటె "భిన్నములు కూడునపుడు హారములను సమానము చేయుట మరచుచున్నాడు" అనినచో ఇంటివారికి చేయవలసిన పని తెలియును. రెండవది, లోపమును ముందుగ విద్యార్థితోనే ఏకాంతమున చెప్పుట. మూడవది, "ఫరవాలేదు" అను మాటతో లోపమును కప్పిపుచ్చకుండుట. ఏడాది పొడవున ఫరవాలేదని విని, కడపట తప్పినాడని వినిన తండ్రి మమ్ము నమ్మునా?

తలిదండ్రులకొక విన్నపము. రిపోర్టు చూచినంతనే బెత్తము తీయకుడు; పొరుగింటి పిల్లవానితో పోల్చకుడు. ఇంట దెబ్బలు తినునను జాలిచేతనే మాలో పలువురు నిజమును సగము దాచుచున్నారు. మీరు శాంతముగ చదువుదురని తెలిసినచో మేము నిర్భయముగ వ్రాయుదుము. విద్యార్థులారా! రిపోర్టులోని మాట మీకు అన్యాయమని తోచినచో మాకడకు వచ్చి చెప్పుడు. అది తప్పైనచో మా చేతితోనే దిద్దెదము.