మెట్టు మన పక్షమే చెల్లీ!

చెల్లీ, నీకు పార్కిన్సన్స్ అని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ ఇంట్లోవాళ్లు నిన్ను మాధవధార మెట్ల వైపు పోనివ్వడం లేదన్నావు. "ఈ జబ్బుతో కొండలేంటమ్మా?" అంటున్నారట. వాళ్లది ప్రేమే, కాదనను. కానీ నేనూ అదే జబ్బుతో ఉన్నదాన్ని, ఇప్పటికీ కొండెక్కుతున్నదాన్ని. అందుకే ఈసారి ముచ్చట నీతో. మన కంచరపాలెంలో చేతి వణుకు ఎవరికంటా పడకుండా కొంగు కింద దాచుకుంటున్న అక్కచెల్లెళ్లందరితోనూ.

మెదడు అడుగున నల్లగా కనిపించే చిన్న భాగం ఒకటుంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. ఆ కణాలు నశిస్తున్నకొద్దీ ఒళ్లు బిగుస్తుంది, కదలిక మందగిస్తుంది, చాలామందికి వణుకు వస్తుంది. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీని గురించి రాశాడు గనక ఆయన పేరే పడింది. మన ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. ఇది నీ తప్పు వల్ల వచ్చింది కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు.

ఇప్పుడు నడక సంగతి విను. జబ్బు లేనివాళ్లు ఏ కాలు ముందు వెయ్యాలా అని ఆలోచించరు, అలవాటు కొద్దీ నడిచిపోతారు. మనలో దెబ్బతిన్నది ఆ అలవాటే. అందుకే కొందరికి చదునైన గదిలో, గుమ్మం దగ్గర, మలుపు తిరిగేచోట పాదం నేలకి అతుక్కుపోతుంది. అలా గుమ్మం దాటలేక నిలబడిపోయిన మనిషే, ఎదురుగా మెట్లుంటే చక్కగా ఎక్కేయడం నరాల డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నారు. మెట్టు అంచు కంటికి ఆనుతుంది, కాలు ఎక్కడ పెట్టాలో చూపిస్తుంది. అలవాటు చెయ్యాల్సిన పనిని చూపూ ధ్యాసా కలిసి చేస్తాయి. ఫిజియోథెరపీలో నేలమీద గీతలు గీసి నడిపించేది ఇందుకే.

సింహాద్రి అప్పన్న కొండకి వెయ్యికి పైగా మెట్లున్నాయి కదా. మొక్కున్నవాళ్లు మెట్టుమెట్టుకీ పసుపు రాసి బొట్టు పెడతారు. ఆ పసుపు మెట్ల మీద నా కాలు ఎంత ధీమాగా పడుతుందో మాటల్లో చెప్పలేను! మాధవధార నుంచి కొండ మీదుగా గుడికి వెళ్లే పాతదారిలో అయితే చెట్ల నీడ, ధార నీళ్ల చల్లదనం. పైకెళ్లి వెనక్కి తిరిగితే ఊరు కాళ్ల కింద కనిపిస్తుంది. జబ్బొచ్చిందని ఆ సంతోషాన్ని ఎందుకు వదులుకోవాలి?

అయితే ఎక్కడం వేరు, దిగడం వేరు. ఈ మాట గట్టిగా పట్టుకో. మన జబ్బులో ఒళ్లు ముందుకి వంగుతుంది, అడుగులు చిన్నవై వాటంతటవే వేగం పుంజుకుంటాయి. దిగుడులో అది ప్రమాదం. నేను మెట్లెక్కి వెళ్లి, దర్శనం చేసుకుని, దేవస్థానం బస్సులో దిగిపోతాను. దిగక తప్పకపోతే రెండు చేతికర్రలు పట్టుకో, కర్ర కింది మెట్టు మీద ఆనాకే కాలు పెట్టు, తోడొచ్చినవాళ్లని నీకంటే ఒక మెట్టు కిందుగా నడవమను. వాన పడి పాచి పట్టిన రోజున అసలు వెళ్లకు. హవాయి చెప్పులు ఇంట్లోనే వదిలేసి పట్టున్న బూట్లు వేసుకో.

మాత్ర వేళ కూడా ముఖ్యం. మనం మింగే లెవోడోపా పనిచేస్తున్నంతసేపే కాళ్లు మాట వింటాయి. కాబట్టి అది పట్టాకే బయల్దేరు, తర్వాతి మాత్ర వెంట పెట్టుకో, ఫోన్లో అలారం పెట్టుకో. పప్పు, గుడ్డు, మాంసం లాంటి మాంసకృత్తుల తిండి మాత్ర ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. చాలామందికి భోజనానికి అరగంట ముందు వేసుకోమనేది అందుకే. నీకు ఏ వేళ సరిపోతుందో నీ డాక్టర్నే అడుగు. దూలగొండి గింజల్లోనూ లెవోడోపా ఉంది, నిజమే. అలాగని ఎవరో ఇచ్చిన పొడి మాత్రతో కలిపి మింగకు. మోతాదు మించితే ఒంటికి చేటు.

మన విశాఖ ఉక్కపోత నీకు తెలిసిందే. తెల్లారగట్లే వెళ్లు, నీళ్లు తాగుతూ ఉండు. కూర్చున్నచోటి నుంచి దిగ్గున లేవకు. మనలో కొందరికి లేచినప్పుడు రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. నడుస్తూ కబుర్లు వద్దు. మాటా నడకా ఒకేసారి అంటే కాలు తడబడుతుంది. కబుర్లన్నీ కూర్చున్నప్పుడు చెప్పుకుందాం. దారిలో పాదం అతుక్కుపోతే నిన్ను చెయ్యి పట్టి లాగొద్దని తోడువాళ్లకి ముందే చెప్పు. లాగితే పడిపోతావు. ఆగు, ఊపిరి పీల్చు, "ఒకటి, రెండు" అని లెక్కపెట్టి కాలు పైకెత్తి వెయ్యి. మన గొంతు కూడా సన్నబడిపోతుంది కదా, గట్టిగా పలకడమే దానికి సాధన. అందుకే పైకెక్కి "అప్పన్నా!" అని నోరారా పిలుస్తాను.

ఇప్పటికే పడిపోతూ ఉంటేనో, మెట్లు వద్దని డాక్టరంటేనో దిగులుపడకు. కైలాసగిరి మీదకి రోప్‌వేలో వెళ్లి, సముద్రం చూస్తూ చదును దారిలో నడువు. అదీ కొండే, అదీ నీదే. నడక, వ్యాయామం కణాల్ని తిరిగి తేకపోయినా బిగువు తగ్గిస్తాయి, తూలుడు తగ్గిస్తాయి, మనసుకి ఊపిరి పోస్తాయి.

ఇంట్లోవాళ్లకి ఈ పేజీ చదివి వినిపించు. డాక్టర్ని అడిగి ఎంత నడవొచ్చో తెలుసుకో. ముందు మీ వీధి చివరిదాకా, తర్వాత మాధవధార దాకా రోజూ కాస్త కాస్త పెంచు. ఎండలు తగ్గి కార్తీకం వచ్చాక మీ ఆడపడుచుని కూడా తోడు తీసుకుని రా. పులిహోర నేను తెస్తాను, ముగ్గురం కలిసి ఎక్కుదాం.