జూరీ విచారణము – లంచగొండితనమునకు మందు కాగలదా?

మామిడి కాపు దినములలో మా బాపులపాడు ప్రాంతమున తోట గుత్తకిచ్చిన రైతునకును, గుత్త గొన్న వర్తకునకును కాయల లెక్కలో తగవు వచ్చుట కలదు. అట్టియెడ వర్తకుని గుమాస్తాయే తగవు తీర్చుననిన రైతు సమ్మతించునా? సమ్మతింపడు. ఇరువురికిని కానివారగు నలుగురు పెద్దమనుష్యులు కూర్చుండి చెప్పిన మాటకే ఇరుపక్షములవారును తల యొగ్గుదురు. ఈ చిన్న న్యాయమునే రాజ్యమునకు వర్తింపజేసినచో అది జూరీ విచారణ మగును.

జూరీ యను మాటకు మూలము లాటిను భాషలో ‘ప్రమాణము చేయుట’ యను అర్థముగల ధాతువు. ప్రమాణము చేసి కూర్చున్న సామాన్య పౌరుల కూటమియే జూరీ. శాసన మేమనుచున్నదో చెప్పుట న్యాయాధిపతి పని. నేరము జరిగినదా లేదా యని సాక్ష్యము విని నిర్ణయించుట జూరీవారి పని. ఆ వ్యాజ్యము ముగియగనే వారు తమ తమ యిండ్లకు బోవుదురు. వారికి ఉద్యోగోన్నతి ఆశ లేదు, బదిలీ భయము లేదు. ప్రభుత్వోద్యోగి నేరము విచారణకు వచ్చినపుడు ఈ పద్ధతికి గల బలమంతయు నిందే యున్నది.

ఈ స్వాతంత్ర్యము ఊరక రాలేదు. 1670 సంవత్సరమున లండను నగరమున విలియం పెన్, విలియం మీడ్ అను నిరువురు వీధిలో మతప్రసంగమునకై జనులను గూర్చిరని విచారింపబడిరి. జూరీవారు న్యాయాధిపతులు కోరిన నిర్ణయము నీయకపోగా, వారిని అన్నపానములు లేక బంధించి, పిదప జరిమానా విధించిరి. వారిలో బుషెల్ అనునతడు జరిమానా చెల్లింపక చెరసాలకు బోయెను. అప్పుడు ప్రధాన న్యాయాధిపతి వాన్, జూరీవారిని వారి నిర్ణయమునకై శిక్షింపగూడదని తీర్పు చెప్పెను.

ఇక మన తెలుగువారి చరిత్రమును జూతము. 1816 నాటి కట్టడుల వలన మద్రాసు రాజధానిలో కలెక్టరే మేజిస్ట్రేటును, పోలీసు అధికారియు నయ్యెను. తాలూకాలో తాసిల్దారు శిస్తు వసూలు చేయుటయేగాక పోలీసు పెత్తనమును జూచువాడు. శిస్తునకై రైతును ఎండలో నిలువబెట్టుటయు, మెడను పాదములకు వంచి త్రాట గట్టుటయు, లంచము లాగుటయు నుండెను. మొర వినవలసినవారు బాధించినవాని పైయధికారులే! 1852లో మద్రాసు దేశీయ సంఘమును స్థాపించిన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు ఈ సంగతులను బ్రిటిషు పార్లమెంటునకు విన్నవించిరి. 1854లో విచారణ సంఘ మేర్పడెను. క్రింది యుద్యోగులు రైతులను హింసించుచున్నమాట నిజమేయని 1855లో అది నివేదించెను. 1859లో పోలీసుశాఖ ప్రత్యేకింపబడెను.

విచిత్రమేమనగా, 1816 నాటి కట్టడులకు ముఖ్య ప్రేరకుడగు సర్ థామస్ మన్రోయే గవర్నరుగా నున్న కాలమున, 1827లో, మద్రాసు రాజధాని క్రిమినలు కోర్టులలో జూరీ విచారణమును క్రమముగా ప్రవేశపెట్టుటకు నిబంధన వెలువడెను. ఆ యేటనే యాతడు పత్తికొండలో మరణించెను.

జూరీకి దోషములు లేవా? కలవు. 1908లో బొంబాయిలో బాలగంగాధర తిలకుగారిని విచారించిన తొమ్మండుగురిలో ఏడుగురు యూరోపియనులు. వా రేడుగురును నేరస్థుడనిరి, తక్కిన యిరువురును కాదనిరి. జూరీ నెవ్వ రెట్లేర్చిరో దానినిబట్టియే న్యాయము! 1958లో లా కమిషను జూరీని రద్దుచేయుమని చెప్పెను. 1959లో నానావతి హత్య వ్యాజ్యమున ఎనమండుగురు నిర్దోషి యనిరి, ఒక్కరు కాదనిరి. సెషన్సు జడ్జీ సమ్మతింపక హైకోర్టునకు నివేదింపగా అచ్చట శిక్ష పడెను. 1961లో సుప్రీముకోర్టు దానిని స్థిరపరచెను. 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో జూరీకి చోటు లేకపోయెను.

నేడు లంచము కేసులను 1988 నాటి శాసనము ననుసరించి ప్రత్యేక న్యాయాధిపతి విచారించును. ఉద్యోగిపై కేసు నడపుటకు ముందుగా పై యధికారుల అనుమతి కావలయును. అనగా నిందితుడు ఉద్యోగి, దర్యాప్తు చేయువాడు ఉద్యోగి, అనుమతి నిచ్చువాడును ఉద్యోగి. ప్రజలకు తావెక్కడ? జపానువారు 2009 నుండి ఘోరనేరములలో సాధారణముగా ముగ్గురు న్యాయాధిపతుల ప్రక్కన ఆరుగురు పౌరులను కూర్చుండబెట్టుచున్నారు. మన దేశముననును లంచము కేసులలో ఇట్టి మిశ్రసభను పరీక్షించి చూడవచ్చునని మేము తలంచుచున్నాము. ఓటర్ల జాబితానుండి చీట్లు తీసి, పలు కులములవారును, స్త్రీలును, పురుషులును చేరునట్లు సభ్యుల నేర్చవలెను. తీర్పునకు కారణములు వ్రాతమూలకముగా నుండవలెను.

జూరీవారికి మాత్రము లంచ మీయరాదా యని కొంద రడుగుదురు. ఈయవచ్చును. కాని ఏండ్లతరబడి ఒక్కచోట నుండువానిని వశపరచుకొనుటకంటె, నేడు చీటిలో వచ్చి రేపు పోవు పలువురిని వశపరచుకొనుట కష్టము. అయినను జూరీ దొంగను పట్టజాలదు. పట్టి తెచ్చినవానిని విచారించును, అంతే. అనుమతి చిక్కును తొలగింపవలెనన్న వేరుగా శాసనము మార్చవలసియుండును. సాక్షి ధైర్యముగా నిలువనిచో ఏ సభయు నేమియు చేయలేదు.

కావున తలిదండ్రులారా, ఒక్కమాట. 2018 సవరణ ననుసరించి లంచ మిచ్చుటయు నేరమే. నిర్బంధము వలన ఇచ్చినవారు ఏడు దినములలోగా పోలీసులకో, దర్యాప్తు శాఖకో తెలిపినచో వారికి రక్షణ కలదు. బిడ్డ సర్టిఫికెటునకై బల్లక్రింద రూపాయ లిచ్చి, ఆ సాయంకాలమే ఉద్యోగులను నిందించువాడు రేపు జూరీలో కూర్చుండి ఏమి న్యాయము చెప్పగలడు?

విద్యార్థులారా, మీ తరగతిలో తగవు వచ్చినపుడు ఇరుపక్షములకును కానివారిని ఐదుగురిని చీటి వేసి యెన్నుకొనుడు. ఇరువురి మాటయు తుదివరకు వినుడు. మీ స్నేహితునిపై సాక్ష్యము నిజమని తోచిన నిజమేయనుడు. గిట్టనివానిపై సాక్ష్యము చాలనిచో చాలదనుడు. ఈ రెండును చేయనేర్చినవారు ఎంతమంది పెరిగిన, జూరీ మన దేశమునకు అంత యోగ్యమైన మందగును.