ఇంకు మీద ఇంకు: అనుభవ పాఠాలు

ఆఫ్‌సెట్ మెషిన్ల దగ్గర రంగు సరిచూస్తూనే నా తల నెరిసింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేవి ఇవి.

1. ముందు కాగితాన్ని కొలవండి. ఆఫ్‌సెట్ ఇంకులోంచి వెలుతురు దిగి, కాగితానికి తగిలి, మళ్లీ ఇంకులోంచే పైకొస్తుంది. కాగితం మారిందా, పాత లెక్కలు చెల్లవు.

2. రంగును మూడు అంకెల్లో చెప్పి సరిపెట్టుకోకండి. ట్యూబులైటు కింద ఒకేలా ఉన్న రెండు రంగులు ఎండలో విడిపోవచ్చు. స్పెక్ట్రోఫోటోమీటరు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా పదేసి నానోమీటర్లకు ఒకటి చొప్పున 31 విలువలిస్తుంది. లెక్క ప్రతిదానికీ విడిగా వేయాలి.

3. గుణకారం తొలి అంచనాకే పనికొస్తుంది. ఆ 31లో ఒకదాని దగ్గర కాగితం 80 శాతం వెలుతురును, దాని మీద సయాన్ 40, పసుపు 60 శాతాన్ని వెనక్కిస్తాయనుకోండి. 40ని 60తో గుణించి 80తో భాగిస్తే 30. రెండో ఇంకు పూర్తిగా పట్టి, పై ఇంకు కింది రంగును ఏమాత్రం మరుగుపరచకపోతేనే ఆ 30 వస్తుంది.

4. వరస ముఖ్యం. తడి ఇంకు మీద రెండో ఇంకు కాగితం మీద పట్టినంతగా పట్టదు. మేం ట్రాపింగ్ అనేది దీన్నే. సయాన్ ముందు పడితే ఒక ఆకుపచ్చ, పసుపు ముందు పడితే ఇంకో ఆకుపచ్చ. కాబట్టి కలిసిన రంగులను కూడా అచ్చేసి కొలవండి. నాలుగు ఇంకులకు, ఖాళీ కాగితంతో కలిపి, 16 గళ్లు.

5. లేత రంగులు చుక్కలుగా పడతాయి; ఆ చుక్కల వాటాలు దెమిషెల్ సూత్రంతో తీయండి. సయాన్ 50, పసుపు 40 శాతమైతే రెండూ కలిసేది 20, సయాన్ ఒక్కటే 30, పసుపు ఒక్కటే 20, తెల్లగా మిగిలేది 30. ఒక్కో గడి కొలతను దాని వాటాతో గుణించి కూడటం 1937లో నాయ్‌గెబావర్ చూపిన దారి. స్క్రీను కోణాలు వేరుగా ఉంటేనే ఇది పనిచేస్తుంది.

6. చుక్కల సందులో దిగిన వెలుతురు కాగితం లోపల పక్కకు పాకి, చుక్క కిందనుంచి బయటికొస్తుంది. అచ్చు లెక్కకన్నా ముదురుగా కనిపించేది అందుకే. దీనికి యూల్, నీల్సన్ 1951లో ‘ఎన్’ అనే సవరణ ఇచ్చారు. దాని విలువను మీ మెషిను మీదే, 50 శాతం గళ్లు కొలిచి తేల్చుకోండి.

7. షీటు ఆరాకే కొలవండి. కాగితం, ఇంకు, వరసల్లో ఏది మారినా ఆ 16 గళ్లూ మళ్లీ అచ్చేయండి. అప్పుడు కస్టమరు “ఈ ఆకుపచ్చ వస్తుందా?” అంటే ప్లేటు చేయకముందే జవాబు చెప్పగలరు.