రంగు మారని వరుసను నమ్మవచ్చా?

"మీ డిపాజిట్ వచ్చే వారం మెచ్యూర్ అవుతోందండీ" అని కౌంటర్‌లో రోజూ పదిమందికి గుర్తు చేస్తాను. అలాంటిది, మా ఇంటి స్కూటర్ బీమా ఏప్రిల్ 9న ముగిసిన సంగతి నేను చూసుకున్నది మే నెలాఖరులో! ఆ యాభై రోజులూ మా అమ్మాయి ఆ బండి మీదే కాలేజీకి వెళ్లొచ్చింది.

గడువులు గుర్తు చేయడానికి మా ఇంట్లో ఏర్పాటు లేక కాదు. అమ్మాయే ఒక వెబ్ పేజీ తయారు చేసింది. బీమా, లైసెన్స్, పాస్‌పోర్ట్, డిపాజిట్లు, ఇలా ఒక్కోదానికి ఒక్కో వరుస. గడువు 30 రోజుల్లోకి వస్తే వరుస పసుపుగా, దాటిపోతే ఎర్రగా మారాలి. "పేజీ తెల్లగానే ఉంది కదా నాన్నా, అంతా సవ్యంగానే ఉందనుకున్నాను" అంది. ఇద్దరం కూర్చుని తప్పు వెతికాం. దొరికినవి మీ ఇంట్లో పిల్లలకూ పనికొస్తాయి.

స్క్రిప్ట్ ఏం చేస్తుంది?

పేజీ తెరవగానే బ్రౌజర్ అమలు చేసే ఆదేశాల వరసే స్క్రిప్ట్. దీన్ని సాధారణంగా జావాస్క్రిప్ట్‌లో రాస్తారు. మన పనికి నాలుగు మెట్లు:

1. పట్టికలోని వరుసలను ఒక్కొక్కటిగా తీసుకోవడం.
2. గడువు గడిలో రాసినదాన్ని తేదీగా మార్చడం.
3. అందులోంచి ఈరోజు తేదీని తీసివేయడం. తేడా మిల్లీసెకన్లలో వస్తుంది. 8,64,00,000తో భాగిస్తే రోజులు తెలుస్తాయి.
4. సున్నా కంటే తక్కువైతే ఎరుపు, 0 నుంచి 30 వరకు పసుపు.

పొరపాటు ఎక్కడ?

రెండో మెట్టు దగ్గర. మేము 09-04-2025 అని రాశాం. బ్రౌజర్ దాన్ని అమెరికా పద్ధతిలో, ముందు నెల తరువాత రోజుగా, సెప్టెంబరు 4 అని చదివింది. ఇంకా చాలా గడువుందని వరుసను తెల్లగా వదిలేసింది.

25-06-2025 అని రాసిన వరుసది మరో కథ. 25వ నెల లేదు కాబట్టి క్రోమ్ దాన్ని చెల్లని తేదీగా తీసుకుంది. చెల్లని తేదీని "సున్నా కంటే తక్కువా?" అని అడిగినా, "30 లోపా?" అని అడిగినా "కాదు" అనే జవాబే వస్తుంది. అదీ తెల్లగానే మిగిలింది. అంటే తెలుపుకు రెండు అర్థాలన్నమాట: గడువు ఇంకా ఉందని, లేదా స్క్రిప్ట్‌కు అర్థం కాలేదని.

ఎలా సరిచేశాం?

• రోజు, నెల, సంవత్సరం విడదీసి స్క్రిప్ట్‌కు ఇచ్చాం. జావాస్క్రిప్ట్‌కు జనవరి 0, ఏప్రిల్ 3. అందుకే నెల సంఖ్యలోంచి 1 తీసివేయాలి.

• ఇలా విడివిడిగా ఇచ్చినప్పుడు ఫిబ్రవరి 31 అని పొరపాటున రాసినా ఒప్పుకుని, మార్చి నెల తేదీగా మార్చేస్తుంది. తయారైన తేదీలో మనం రాసిన రోజు, నెల ఉన్నాయో లేదో సరిచూడాలి.

• ఈరోజు తేదీలోని గంటలు, నిమిషాలను సున్నా చేయాలి. లేకపోతే ఈరోజు ముగిసేది పొద్దున్నుంచే "దాటిపోయింది" అని చూపిస్తుంది.

• గడి ఖాళీగా ఉన్నా, తేదీ అర్థం కాకపోయినా వరుస బూడిద రంగులోకి మారాలి. అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఇదే.

• రంగుతో పాటు "ఇంకా 12 రోజులు" అని అక్షరాల్లోనూ కనిపించాలి. రంగులు సరిగా గుర్తించలేనివారు ఇంట్లో ఉండవచ్చు.

అన్నిటికీ 30 రోజులు చాలవు

ఎన్ని రోజుల ముందు హెచ్చరించాలో చెప్పే నిలువు వరస ఒకటి అదనంగా పెట్టుకోండి. చాలా దేశాలు పాస్‌పోర్ట్‌కు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. కాబట్టి దానికి ఏడాది ముందే రంగు మారాలి. డ్రైవింగ్ లైసెన్స్‌ను ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేసుకోవచ్చు. ఇక డిపాజిట్ల విషయం మనకు తెలిసిందే: మెచ్యూర్ అయ్యాక తీసుకోకుండా వదిలేస్తే, 2021 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం పొదుపు ఖాతా వడ్డీ, ఒప్పందపు వడ్డీ, రెండింటిలో ఏది తక్కువైతే అదే వస్తుంది.

పేజీని నమ్మే ముందు ఐదు ఉత్తుత్తి వరుసలు రాసి చూడండి: నిన్నటి తేదీ, ఈనాటి తేదీ, 30 రోజుల తరువాతి తేదీ, ఒక ఖాళీ గడి, ఒక తప్పు తేదీ. ఐదూ సరైన రంగు చూపిస్తేనే అసలు తేదీలు ఎక్కించండి.

మా స్కూటర్ బీమాను మళ్లీ చేయించాం. ముగిసి 90 రోజులు దాటలేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ కూడా నిలిచింది. కానీ ఆ యాభై రోజుల్లో బండి ఎవరికైనా తగిలి ఉంటే, పరిహారం మొత్తం మేమే కట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మా పట్టికలో రెండు వరుసలు బూడిద రంగులో ఉన్నాయి. ఆదివారం ఆ కాగితాలు వెతకాలి.