ఒకే ఆకు – పలు రుచులు

ఉద్దేశం

నిత్యం సేవించే తేనీటి వెనుక ఉన్న శాస్త్రాన్ని, దానిని కాచే పద్ధతులను, తోటలలో శ్రమించేవారి జీవితాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పల్లెలోని పూరిపాక హోటలు మొదలుకొని నగరంలోని కార్యాలయం వరకు తేనీరు లేని చోటు అరుదు. ఇంటికి వచ్చిన అతిథికి మంచినీళ్ల తరువాత అందించేది సాధారణంగా తేనీరే. ఇంతగా అలవాటైన ఈ పానీయాన్ని గురించి చాలామంది ఎరుగని విషయం ఒకటి ఉంది. నల్ల టీ, గ్రీన్ టీ, ఊలాంగ్ టీ, తెల్ల టీ అని అంగడిలో వేర్వేరు పేర్లతో లభించేవన్నీ ఒకే జాతి మొక్క నుంచి వచ్చినవి. దాని శాస్త్రీయ నామం కమేలియా సైనెన్సిస్. నేల, వాతావరణం కొంత మార్పు తెచ్చినా, ఈ రకాల మధ్య ముఖ్యమైన భేదం ఆకు కోసిన తరువాత మనిషి చేతిలోనే ఏర్పడుతుంది.

ఈ పానీయపు పేరుకూ ఒక చరిత్ర ఉంది. చైనాలో ఎక్కువ ప్రాంతాలవారు దీనిని 'చా' అంటారు. ఫుజియన్ తీరవాసులు 'తె' అంటారు. మొదటి మాట పారశీక భాష మీదుగా 'చాయ్' అయి మన దేశానికి వచ్చింది. రెండవ మాట డచ్చి వర్తకుల ఓడలలో ఐరోపా చేరి 'టీ' అయింది. తెలుగులో రెండు మాటలూ నిలిచాయి. 'తేయాకు', 'తేనీరు' అనే పదాలలోని 'తే' ఆ రెండవ మాటకు చెందినదే. తేనెతో దానికి సంబంధం లేదు.

కోసిన ఆకును మొదట పలుచగా పరచి వాడనిస్తారు. తరువాత నలుపుతారు. ఆకులోని కణాలు చితికి గాలి తగలగానే ఆక్సీకరణం మొదలై ఆకు రాగివన్నెకు తిరుగుతుంది. ఈ చర్యను పూర్తిగా సాగనిచ్చి ఆరబెడితే నల్ల టీ, మధ్యలో ఆపితే ఊలాంగ్ టీ వస్తాయి. ఆవిరితోనో వేడి పెనంతోనో మొదటే ఆపివేస్తే గ్రీన్ టీ అవుతుంది. లేత మొగ్గలను నలపకుండా ఆరబెడితే తెల్ల టీ లభిస్తుంది. 1930 ప్రాంతంలో అస్సాంలో రూపొందిన సీటీసీ యంత్రం ఆకును నలిపి, చింపి, చిన్న గుళికలుగా చుడుతుంది. మన ఇళ్లలో వాడే టీ పొడి ఎక్కువగా ఈ రకమే.

టీని ఎన్నుకొనేటప్పుడు దానిని ఏ విధంగా తాగదలచామో ముందుగా ఆలోచించాలి. పాలు కలిపేవారికి చిక్కని రంగు, గాఢమైన రుచి గల అస్సాం సీటీసీ తగినది. పాలు లేకుండా తాగేవారికి పరిమళం ప్రధానమైన డార్జిలింగ్ ఆకు, నీలగిరి ఆకు మేలు. 2004లో భారతదేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువు డార్జిలింగ్ టీయే. విడిగా కొన్న పొడిలో కృత్రిమ రంగు ఉన్నదేమో ఇంట్లోనే పరీక్షించవచ్చు. తెల్లని వడపోత కాగితంపై కొద్దిగా పొడి చల్లి, నీటితో తడిపి, తరువాత నీటిధార కింద కడగాలి. కాగితంపై ముదురు రంగు మరకలు మిగిలితే కల్తీ జరిగిందని అనుమానించాలి.

కాచడంలో నీటి వేడి, కాలం అనే రెండే రుచిని నిర్ణయిస్తాయి. 200 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు చాలు. గ్రీన్ టీకి 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ వేడి గల నీటిలో 2 లేదా 3 నిమిషాలు సరిపోతుంది. సలసల మరిగే నీరు పోస్తే చేదెక్కుతుంది. నల్ల టీ ఆకుకు మాత్రం మరిగిన నీరే కావాలి. 3 నుంచి 5 నిమిషాలు మూతపెట్టి ఉంచాలి. అంతకు మించితే టానిన్లు అధికంగా దిగి వగరు పెరుగుతుంది. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు టానిన్లతో కలిసి ఆ వగరును తగ్గిస్తుంది. అందుకే పాలటీని ఎక్కువసేపు మరిగించినా తాగగలుగుతాం. హైదరాబాదు ఇరానీ చాయ్‌లో డికాక్షన్‌ను మూసిన పాత్రలో సన్నని సెగపై చాలాసేపు ఉంచుతారు. పాలను వేరుగా మరిగించి చిక్కబరుస్తారు. రెండింటినీ కప్పులోనే కలుపుతారు.

టీ ఆకు ఇతర వాసనలను సులభంగా పీల్చుకొంటుంది. చైనాలో రాత్రివేళ విచ్చే మల్లెలను ఆకుతో కలిపి ఉంచి మల్లె టీ తయారుచేసేది ఈ గుణం వల్లనే. వంటింట్లో ఇంగువ పక్కన మూతలేని డబ్బాలో ఉంచిన టీ పొడి పాడయ్యేదీ ఈ గుణం వల్లనే. పరిమళం కోసం అల్లం వేసేవారు దానిని ముందుగా నీటిలో మరిగించి, తరువాతనే పాలు పోయాలి. పచ్చి అల్లంలోని ఎంజైము పాలను విరిచే అవకాశం ఉంది. యాలకుల సువాసన త్వరగా ఆవిరైపోతుంది గనుక వాటిని చివరలో వేయడం మంచిది. కాశ్మీరీయులు కహ్వాలో కుంకుమపువ్వు, బాదం వేస్తారు. వారి మరొక తేనీరు 'నూన్ చాయ్'లో ఉప్పు వేస్తారు.

తేనీటిని ఎప్పుడు తాగాలో తెలియడమూ అవసరమే. భోజనంతో పాటు తాగితే టానిన్లు ఆహారంలోని ఇనుమును శరీరానికి అందనీయవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. భోజనానికి కనీసం ఒక గంట ముందు, ఒక గంట తరువాత టీ, కాఫీలు మానాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది.

ఒక కిలో టీ పొడికి సుమారు నాలుగున్నర కిలోల పచ్చి ఆకు కావాలి. రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున ఆ ఆకును కోసేవారిలో అధికులు స్త్రీలు. వలస పాలనా కాలంలో అస్సాం తోటలకు తరలివెళ్లిన కూలీలలో నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారూ ఉన్నారు. 1859 నాటి చట్టం కింద ఒప్పందం మీరిన కూలీకి జైలుశిక్ష విధించే వీలుండేది. స్వాతంత్ర్యానంతరం, 1951లో వచ్చిన తోటల కార్మిక చట్టం నివాసం, వైద్యం, పిల్లల చదువు వంటి వసతులు కల్పించాలని నిర్దేశించింది. నాడు వెళ్లినవారి సంతతి నేటికీ అస్సాంలో ఉంది. ఎండలో వానలో వంగి ఏరిన ఆ చిగురును అజాగ్రత్తగా మరిగించి చేదు చేయడం, కప్పులో సగం మిగిల్చి పారబోయడం ఆ శ్రమను వృథా చేయడమే. నీటి వేడిని గమనించి, నిమిషాలు లెక్కించి కాచినవాడు రుచిని పొందుతాడు; ఆ చేతులను గౌరవించినవాడూ అవుతాడు.

కఠినపదాలు – అర్థాలు

వన్నె = రంగు
వగరు = నాలుకను పట్టే రుచి, కషాయరుచి
పారశీక భాష = ఇరాన్ దేశపు భాష
సెగ = వేడి, మంట
సంతతి = సంతానపరంపర

ప్రశ్నలు

1. ఒకే మొక్క నుంచి పలు రకాల టీలు ఏ విధంగా తయారవుతాయో వివరించండి.
2. తేనీరు కాచడంలో నీటి వేడికి, కాలానికి గల ప్రాధాన్యం ఏమిటి?
3. 'తేనీరు', 'చాయ్' అనే పదాల పుట్టుకను తెలపండి.
4. తేయాకు తోటల కార్మికులను గురించి సంగ్రహంగా రాయండి.